ఫోర్ట్ డేవిస్: గోడ కూడా లేని కోట కోసం అంత దూరం వెళ్లాలా?

డల్లాస్ దొరబాబు
లాంగ్ వీకెండ్‌కి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్తూ, దారిలో పశ్చిమ టెక్సస్‌లో ఉన్న ఫోర్ట్ డేవిస్ కోట కూడా చూద్దామనుకున్నాం. పాత సరిహద్దు కోటల్లో ఇంత చక్కగా కాపాడినవి చాలా తక్కువ అని ఎక్కడో చదివి, ఇంట్లో అందరినీ ఊరించి మరీ తీసుకెళ్లాను. తీరా చూస్తే గోడ లేదు, బురుజు లేదు, కందకం లేదు. కొండల మధ్య ఒక పెద్ద మైదానం, దాని పక్కన వరసగా వరండాల ఇళ్లు. మా నాన్నగారు గోల్కొండ నీడలో పెరిగిన మనిషి. "ఇదేం కోటరా, రైల్వే క్వార్టర్స్‌లా ఉంది" అన్నారు. పిల్లలు అరగంటకే కారెక్కుదామని గొడవ. సగం చోట్ల పునాది రాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ ఎండలో బోర్డులు చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది. శత్రువులు మీద పడతారని కట్టినదానికి గోడ ఎందుకు లేదు? కూలిపోయిందా, అసలు కట్టలేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కారప్పూస
నాన్నగారి రివ్యూకి ఐదు స్టార్లు 😂

పాతచింతకాయ
కట్టనే లేదు. అమెరికా పశ్చిమాన సైన్యం పెట్టుకున్న పోస్టుల్లో చాలావాటికి చుట్టుగోడ ఉండదు. నిలువు దుంగల కంచె, మూలమూలకీ కావలి బురుజు అనేది ఎక్కువగా సినిమాలవాళ్లు మన కళ్లకు అలవాటు చేసిన బొమ్మ.

గోల్కొండకి గోడ ఎందుకు కావలసి వచ్చింది? ఔరంగజేబు లాంటివాడు ఫిరంగులు ఈడ్చుకొచ్చి నెలల తరబడి ముట్టడి వేస్తాడు కాబట్టి. 1687లో అదే జరిగింది. పశ్చిమ టెక్సస్‌లో ఆ రకం యుద్ధమే లేదు. అక్కడి స్థానిక తెగలైన అపాచీలు గానీ కొమాంచీలు గానీ వందల మంది సైనికులున్న పోస్టు మీదికి ఎదురుగా రారు, వాళ్లకు ఆ అవసరం లేదు. వాళ్ల కన్ను గుర్రాల మీద, కంచరగాడిదల మీద, ఒంటరిగా పోయే సరుకు బండ్ల మీద. అందుకని సైన్యం పని లోపల కూర్చుని కాపలా కాయడం కాదు, బయట దారి వెంట తిరగడం.

ఆ దారి శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసోకి. కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక జనం, టపా బండ్లు, సరుకు బండ్లు దాని మీద ఎక్కువయ్యాయి. 1854 అక్టోబరులో ఆ దారి కోసమే ఈ పోస్టు పెట్టారు. పేరు అప్పటి యుద్ధ మంత్రి జెఫర్సన్ డేవిస్‌ది. తర్వాత విడిపోయిన దక్షిణ రాష్ట్రాలకు అధ్యక్షుడైంది ఆయనే.

డల్లాస్ దొరబాబు
సరే, గోడ సంగతి అర్థమైంది. కానీ చూడటానికి ఏమీ లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

లలిత_ఆస్టిన్
ఏమీ లేకపోవడం ఏంటండీ! పైకప్పుతో నిలబెట్టిన భవనాలే 24 ఉన్నాయి, శిథిలాలూ పునాదులూ వంద పైనే. మీరు హాస్పిటల్‌లోకి వెళ్లారా? కమాండింగ్ ఆఫీసర్ ఇల్లు చూశారా? బ్యారక్‌లో మంచాలు, దుప్పట్లు, బూట్లు 1880లలో ఎలా ఉండేవో అలా సర్ది పెట్టారు. వీటిలో ఎన్ని చూశారో చెప్పండి ముందు.

డల్లాస్ దొరబాబు
బ్యారక్ చూశాం. హాస్పిటల్ మైదానానికి అవతల ఎక్కడో ఉందన్నారు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు.

లలిత_ఆస్టిన్
మరి అదే చూడాల్సింది. ఆ రోజుల్లో అక్కడి సైనికులను ఎక్కువగా పడగొట్టింది బాణాలూ తుపాకులూ కాదు, విరేచనాలు, జ్వరాలు, స్కర్వీ (పచ్చి కూరలు, పండ్లు తినక వచ్చే జబ్బు). రేషన్ అంటే గొడ్డుమాంసం, ఉప్పు పట్టించిన పందిమాంసం, చిక్కుళ్లు, రొట్టె, కాఫీ. పచ్చి కూర లేదు, పండు లేదు. స్కర్వీ పట్టకుండా పోస్టుకి కూరగాయల తోట వేసి, దానికి నీళ్లు పెట్టడం కూడా సైనికుల డ్యూటీల్లో ఒకటి. డాక్టరు రోగులను చూసుకోవడమే కాదు, రోజూ వాతావరణం కూడా రాసిపెట్టాలి. నాకు యుద్ధాల కంటే ఈ సంగతులే బాగా నచ్చుతాయి.

కారప్పూస
ఒక నిమ్మకాయ పచ్చడి జాడీ ఉంటే సైన్యం మొత్తం బతికిపోయేది.

మిడ్‌ల్యాండ్ మావయ్య
మేం ఇక్కడికి దగ్గర, చుట్టాలు ఎవరొచ్చినా చూపించేది అదే. దొరబాబుగారూ, మీరు చూసింది రెండో కోట. మొదటిది ఆఫీసర్ల ఇళ్ల వెనక, కొండ సందులోకి పోతే కనిపిస్తుంది, పునాదులే మిగిలాయి. జనరల్ స్మిత్ అనే ఆయన చలిగాలికి అడ్డుగా ఉంటుందని ఆ సందులో స్థలం ఎంచాడు. మూడు పక్కలా నిట్టనిలువు రాళ్లు. పైనుంచి ఎవడైనా తుపాకీ పెడితే కింద వాళ్ల గతి ఏంటి? పోస్టు నడిపిన సీవెల్‌కి ఆ చోటు మొదటి నుంచీ నచ్చలేదు. సందు బయట మంచి కోట కట్టుకోవచ్చన్న ఆశతో తాత్కాలికంగా కర్రలు పాతి, మట్టి మెత్తి, గడ్డి కప్పిన గుడిసెలు వేయించాడు. అవే ఏళ్ల తరబడి నడిచాయి. ప్రభుత్వ క్వార్టర్సు ఎక్కడైనా అంతే.

పాతచింతకాయ
మావయ్యగారు చెప్పినదానికి కొనసాగింపు. 1861లో టెక్సస్ యూనియన్ నుంచి విడిపోగానే ఫెడరల్ సైన్యం ఖాళీ చేసి వెళ్లిపోయింది. కొన్నాళ్లు దక్షిణాది సేన ఉంది, 1862లో వాళ్లూ పోయారు. ఆ తర్వాత దాదాపు ఐదేళ్లు దిక్కులేకుండా పడి ఉంది. 1867 జూన్‌లో లెఫ్టినెంట్ కర్నల్ వెస్లీ మెరిట్ 9వ అశ్విక దళంతో వచ్చి, ఈసారి సందు బయట, మైదానంలో కట్టించాడు. కొంత రాయి, ఎక్కువ పచ్చి ఇటుక. ఎండిన మట్టి ఇటుకలు వాన తగిలితే కరుగుతాయి, అందుకే పైకప్పు పోయిన చోట గోడలు మొండిగా మిగిలాయి. వాటిని అలాగే నిలబెట్టి ఉంచడానికి పార్కు వాళ్లు మళ్లీ మళ్లీ మట్టి పూత వేయాలి.

గుర్రపుడెక్క
అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. 9వ అశ్విక దళం అంటే నల్లజాతి సైనికులు. అంతర్యుద్ధం అయిపోయాక 1866లో కాంగ్రెస్ చట్టం చేసి వాళ్లతో రెజిమెంట్లు పెట్టింది. చివరికి నాలుగు నిలిచాయి: 9, 10 అశ్విక దళాలు, 24, 25 పదాతి దళాలు. ఆ నాలుగూ 1867 నుంచి 1885 లోపు ఫోర్ట్ డేవిస్‌లో పనిచేశాయి. బఫెలో సోల్జర్స్ అనేది వీళ్లనే. చాలామంది కొన్నేళ్ల ముందు వరకు బానిసలు. అధికారులు మాత్రం దాదాపు అందరూ తెల్లవాళ్లు.

మామూలు సైనికుడి జీతం నెలకు 13 డాలర్లు. రోడ్డు వేయడం, టెలిగ్రాఫ్ స్తంభాలు పాతడం, టపా బండికి కాపలాగా పోవడం, గుర్రపు లద్దె ఎత్తడం, ఇవీ వాళ్ల రోజులు. సైన్యం నుంచి పారిపోయేవాళ్లు తెల్ల రెజిమెంట్లలోనే ఎక్కువ, వీళ్లలో చాలా తక్కువ. పారిపోయి ఎక్కడికి పోతారు అన్నది కూడా ఉందనుకోండి.

కోనసీమ కొబ్బరాకు
ఈ బఫెలో సోల్జర్స్ కథ వినేటప్పుడల్లా నాకు ఒకటి మింగుడుపడదు. నిన్నటి దాకా బానిసలుగా ఉన్నవాళ్లని తెచ్చి, సొంత నేల కోసం పోరాడుతున్న అపాచీల మీదికి తోలారు. దీన్ని వీరగాథలా చెప్పి ఫోటోలు దిగి రావడం ఏంటి?

గుర్రపుడెక్క
నేను వీరగాథ అని ఎక్కడన్నాను? వాళ్ల పరిస్థితి అది అని చెప్పాను. యూనిఫాం, జీతం, చదువు అప్పట్లో వాళ్లకి ఇంకెక్కడ దొరికేవి? పగలు డ్యూటీ చేసి, పోస్టులో చాప్లిన్ (సైన్యంలోని పాస్టరు) నడిపిన బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నవాళ్లున్నారు.

కోనసీమ కొబ్బరాకు
అది సరే, అవతలివాళ్ల మాట కూడా ఒకసారి చెప్పండి మరి. విక్టోరియో పేరు ఈ దారంలో ఇప్పటిదాకా ఒక్కరూ ఎత్తలేదు.

పాతచింతకాయ
ఎత్తుతున్నా. విక్టోరియోది వార్మ్ స్ప్రింగ్స్ అపాచీ గుంపు, న్యూ మెక్సికోలో ఓహో కలియెంటే వాళ్ల చోటు. అక్కడే ఉండనివ్వమని అడిగారు. ప్రభుత్వం వినకుండా ఆరిజోనాలోని శాన్ కార్లోస్ రిజర్వేషన్‌కి (తెగల కోసం ప్రభుత్వం కేటాయించిన ప్రాంతం) తరలించింది. ఆ చోటు అంటే వాళ్లకి అసహ్యం. 1879లో విక్టోరియో తెగించి బయటపడ్డాడు. ఆ గొడవ మెక్సికో, టెక్సస్ దాకా పాకింది.

10వ అశ్విక దళం కర్నల్ గ్రియర్సన్ వెంటపడి లాభం లేదని త్వరగానే గ్రహించాడు. అపాచీల గుర్రాల వెంట ఎంత పరిగెత్తినా వీళ్లవి అందుకోలేవు. ఆ ఎడారిలో గుర్రానికి నీళ్లు కావాలి, నీళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే ఉంటాయి. ఆ చెలమల దగ్గర ముందే మాటువేశాడు. 1880 జులై 30న టినాహా డె లాస్ పాల్మాస్ దగ్గర, ఆగస్టు 6న రాటిల్‌స్నేక్ స్ప్రింగ్స్ దగ్గర విక్టోరియో గుంపుని నీళ్ల దాకా రానివ్వకుండా తిప్పికొట్టారు. వాళ్లు మళ్లీ మెక్సికోలోకి పోయారు. అదే అక్టోబరులో ట్రెస్ కాస్టియోస్ దగ్గర మెక్సికో దళాలు చుట్టుముట్టాయి. విక్టోరియో అక్కడే చనిపోయాడు. అతనితో ఉన్నవాళ్లలో చాలామంది చచ్చిపోయారు, ఆడవాళ్లను, పిల్లలను పట్టుకుపోయారు.

కోనసీమ కొబ్బరాకు
అంటే దాహంతో గెలిచారు.

పాతచింతకాయ
అవును, అలాగే గెలిచారు.

మిడ్‌ల్యాండ్ మావయ్య
గ్రియర్సన్ గురించి ఒక తమాషా. చిన్నప్పుడు గుర్రం ముఖం మీద తన్నింది, అప్పటినుంచి గుర్రాలంటే ఆయనకు పడదు. సంగీతం పాఠాలు చెప్పుకునేవాడు. అంతర్యుద్ధంలో తీసుకెళ్లి అశ్విక దళంలోనే వేశారు. మన హెచ్‌ఆర్ వాళ్లు అప్పటికే పుట్టారన్నమాట. 1863లో మిసిసిపీ రాష్ట్రం పొడవునా దాడి చేసుకుంటూ పోయి మంచి పేరు తెచ్చుకున్నాడు. టినాహా దగ్గర పోరాటంలో స్కూలు సెలవులకి వచ్చిన కొడుకు రాబర్ట్ కూడా పక్కనే ఉన్నాడు. కమాండింగ్ ఆఫీసర్ ఇల్లు అని లలితమ్మ చెప్పిందే, అందులో సామాను ఈయన కుటుంబం కాపురమున్న కాలానికి తగ్గట్టు సర్దారు.

రెండో ఆట
సెలవులకి పిల్లాడిని యుద్ధానికి తీసుకెళ్లాడు. మావాడిని స్విమ్మింగ్ క్లాసుకి పంపితేనే మా ఆవిడ సన్‌స్క్రీన్ గురించి మూడుసార్లు ఫోన్ చేస్తుంది.

వాల్తేరు వాసుకి
కొబ్బరాకుగారి ప్రశ్న మన ఇంటికీ వర్తిస్తుంది. కంపెనీవాళ్ల మద్రాసు సైన్యంలో తెలుగు జిల్లాల నుంచి చేరినవాళ్లు కొల్లలు. వాళ్లు ఎవరి మీద పోరాడారు? మైసూరు మీద, మరాఠాల మీద, బర్మా మీద. తిండికి, జీతానికి చేరారు. అలాగని ఏం చెప్పినా తలూపలేదు. 1780లో హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కమంటే విశాఖలో సిపాయిలు మేం ఎక్కమని తిరగబడ్డారు. మన ఊరి సంగతి ఇంత ఉంటే, స్కూల్లో నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

గుర్రపుడెక్క
ఇది నాకు తెలియదు. దీని మీద వేరే దారం తెరవండి, వస్తాను.

నిద్రగన్నేరు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఫ్లిప్పర్ అనే ఆయనకీ ఈ కోటకీ ఏదో సంబంధం ఉందని విన్నాను. అది నిజమేనా?

గుర్రపుడెక్క
నిజమే, నాకు బాగా కోపం తెప్పించే కథ. హెన్రీ ఫ్లిప్పర్ 1856లో జార్జియాలో బానిసగా పుట్టాడు. 1877లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి. ఫోర్ట్ డేవిస్‌లో సరుకుల లెక్కలు, డబ్బు చూసే పని అప్పగించారు. 1881లో కర్నల్ షాఫ్టర్ పోస్టుకి కమాండర్‌గా వచ్చాడు. అంతలో ఫ్లిప్పర్ దగ్గరున్న ప్రభుత్వ డబ్బులో 3,791 డాలర్ల పైచిలుకు తక్కువ తేలింది. ఆ మొత్తాన్ని ఊరివాళ్లూ స్నేహితులూ పోగు చేసి కట్టేశారు. అయినా కోర్టు మార్షల్, అంటే సైనిక కోర్టులో విచారణ. డబ్బు కాజేశాడన్న ఆరోపణ కొట్టేసి, అధికారికి తగని ప్రవర్తన అన్న నేరం నిలబెట్టి 1882లో ఉద్యోగం నుంచి తీసేశారు. విచారణ జరిగింది ఆ పోస్టులోనే. కుట్ర కాక మరేంటి?

పాతచింతకాయ
కుట్రే అని అంత తేలిగ్గా తేల్చకండి. డబ్బు తగ్గిన సంగతి పై అధికారికి చెప్పకుండా, లెక్క సరిగ్గానే ఉందన్నాడు. చెల్లని చెక్కు కూడా రాశాడు. శిక్షకి ఆధారం లేకపోలేదు.

గుర్రపుడెక్క
ఎందుకు దాచాడో అది కూడా చెప్పండి. షాఫ్టర్‌కి ఆ మాట చెబితే ఏమవుతుందో అని భయపడ్డాడు. లెక్కల్లో తేడాలొచ్చిన తెల్ల అధికారులకు ఇంత శిక్ష వేయలేదనేది ఆయన తరపువాళ్ల వాదన. సైన్యమే 1976లో ఆ డిశ్చార్జిని గౌరవప్రదమైనదిగా మార్చింది. 1999లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చాడు. అప్పటికి ఫ్లిప్పర్ పోయి దాదాపు అరవై ఏళ్లు.

పాతచింతకాయ
శిక్ష ఎక్కువే, ఆ మాటకి ఒప్పుకుంటా. ఏ తప్పూ చేయలేదంటే మాత్రం ఒప్పుకోను.

నిద్రగన్నేరు
ఉద్యోగం పోయాక ఏం చేశాడు?

గుర్రపుడెక్క
సివిల్ ఇంజినీరుగా సరిహద్దు ప్రాంతంలోనూ మెక్సికోలోనూ దశాబ్దాల పాటు పనిచేశాడు. స్పానిష్ బాగా వచ్చు, పాత భూమి పత్రాలు అనువదించేవాడు. బతికినన్నాళ్లూ తన పేరు మీద మచ్చ తొలగించమని అడుగుతూనే ఉన్నాడు. 1940లో పోయాడు.

డల్లాస్ దొరబాబు
ఇవన్నీ ముందే తెలిస్తే నాన్నగారికి కారులోనే చెప్పేవాణ్ణి. ఆయనకి గోడల కన్నా గొడవలంటే ఇష్టం. ఇంతకీ ఆ కోట ఎప్పుడు మూతపడింది?

పాతచింతకాయ
1891లో. 1880ల మొదట్లో దక్షిణం వైపు మార్ఫా, ఆల్పైన్ మీదుగా రైలు పడింది. టపా బండి దారికి కాపలా ఎవరికి కావాలి? పోరాటాలూ అయిపోయాయి. పైగా ఆ స్థలం సైన్యానిది కాదు, అద్దెకు తీసుకున్నది. ఖాళీ చేసి పోయారు. తర్వాత ఆ ఇళ్లలో ఊరివాళ్లు కాపురాలున్నారు, కొన్ని నిలబడటానికి అదీ ఒక కారణం. 1961లో కాంగ్రెస్ చట్టంతో జాతీయ చారిత్రక స్థలం అయింది.

రెండో ఆట
అమెరికా సైన్యం టెక్సస్‌లో అద్దెకి ఉందా! అడ్వాన్సు వెనక్కి ఇచ్చారో లేదో.

కారప్పూస
గోడకి మేకులు కొట్టారని పట్టుకునుంటారు.

మిడ్‌ల్యాండ్ మావయ్య
ఒంటెల సంగతి మరిచారు. జెఫర్సన్ డేవిస్ మంత్రిగా ఉన్నప్పుడు ఎడారికి ఒంటెలు బాగుంటాయని పట్టుబట్టి 30,000 డాలర్లు మంజూరు చేయించి ఓడల్లో తెప్పించాడు. 1857లో బీల్ అనే ఆయన ఒంటెల బిడారుతో ఈ కోట మీదుగానే పడమటికి పోయాడు. బరువు బాగా మోశాయి గానీ, వాటిని చూసి కంచరగాడిదలు బెదిరిపోయేవి. అంతర్యుద్ధం వచ్చాక ఆ పథకం అటకెక్కింది.

లలిత_ఆస్టిన్
వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. పొద్దున్నే వెళ్లండి. ఊరు దాదాపు 4,900 అడుగుల ఎత్తులో ఉంటుంది, డల్లాస్ అంత ఉక్క ఉండదు గానీ ఎండ మాడుస్తుంది, మైదానంలో నీడ లేదు. నేషనల్ పార్కుల యాన్యువల్ పాస్ చెల్లుతుంది. పిల్లలకి లోపలికి వెళ్లగానే జూనియర్ రేంజర్ పుస్తకం ఇప్పించండి, బ్యాడ్జి కోసమైనా అన్ని గదులూ తిరుగుతారు. ఆనాటి సైనిక కవాతు శబ్దం, బ్యూగుల్, గుర్రాల డెక్కలు, ఆజ్ఞలు రికార్డు చేసి మైదానంలో వినిపిస్తారు. ఆ సమయం ముందే కనుక్కుని వరండాలో కూర్చోండి. పెద్దవాళ్లకి ఇది చాలు, కొండెక్కక్కర్లేదు. ఓపిక ఉన్నవాళ్లు వెనక కొండ దారి పట్టుకుంటే డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్కు దాకా నడవొచ్చు.

కరీంనగర్ కుర్రాడు
అన్నా, నేను హెచ్‌1బీ మీద ఉన్నా. అటువైపు బోర్డర్ పెట్రోల్ ఆపుతారంట కదా? టెన్షన్‌గా ఉంది.

మిడ్‌ల్యాండ్ మావయ్య
టెన్షన్ అక్కర్లేదు తమ్ముడూ, కాగితాలుంటే చాలు. బిగ్ బెండ్ నుంచి ఉత్తరానికి తిరిగొచ్చేటప్పుడు ఆల్పైన్ దారిలో, మారథాన్ దారిలో చెక్‌పాయింట్లు ఉంటాయి. మెక్సికోలోకి అడుగు పెట్టకపోయినా ఆపి అడుగుతారు. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) ప్రింటు దగ్గర పెట్టుకో. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కార్డే పెట్టుకోవాలి, ఫోన్‌లో ఫోటో ఉందంటే కుదరదు. పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు ఆ పత్రాలు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలనేది చట్టమే. మీ అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చుంటే వాళ్ల పాస్‌పోర్టులు సూట్‌కేసులో అడుగున పెట్టొద్దు.

కరీంనగర్ కుర్రాడు
థ్యాంక్స్ అన్నా. ఐ-94 ఇప్పుడే ప్రింట్ తీస్తున్నా.

కోనసీమ కొబ్బరాకు
లలితగారూ, ఆ మ్యూజియంలో అపాచీల వైపు కథ ఎంత ఉంది? వెళ్లేముందు తెలిస్తే మంచిది.

లలిత_ఆస్టిన్
ఉంది గానీ సైన్యం కథంత లేదు. కట్టడాలన్నీ సైన్యానివే అయినప్పుడు చూపించేదీ అదే అవుతుంది. అపాచీల సంగతి అపాచీల దగ్గరే వినాలంటే న్యూ మెక్సికోలో మెస్కలేరో రిజర్వేషన్ ఉంది, వైట్ శాండ్స్ వెళ్లే మనవాళ్లు దాని పక్క నుంచే పోతుంటారు.

కోనసీమ కొబ్బరాకు
ఇది పనికొచ్చే మాట. రెండూ కలిపి వెళ్తా.

డల్లాస్ దొరబాబు
ఇంకో సందేహం. రాత్రి ఆ ఊళ్లోనే ఉంటే పిల్లలకి ఇంకేముంది చూపించడానికి?

లలిత_ఆస్టిన్
మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ. మంగళ, శుక్ర, శనివారాల రాత్రి స్టార్ పార్టీ ఉంటుంది, అంటే టెలిస్కోపుల్లో నక్షత్రాలు చూపిస్తారు. ముందే బుక్ చేసుకోవాలి, సెలవుల వారాల్లో టికెట్లు తొందరగా అయిపోతాయి. వేసవిలో కూడా స్వెటర్లు పట్టుకెళ్లండి. చాలాసేపు బయటే కూర్చోవాలి, నాన్నగారికి దుప్పటి కూడా.

డల్లాస్ దొరబాబు
నవంబరులో చూస్తా. హోటల్ ఊళ్లో దొరుకుతుందా, ఆల్పైన్‌లో తీసుకోవాలా?

మిడ్‌ల్యాండ్ మావయ్య
ఊళ్లో గదులు తక్కువ. ఆల్పైన్ అరగంటే, అక్కడ చూడు. కానీ అబ్జర్వేటరీ నుంచి రాత్రి దిగేటప్పుడు జింకలు, జావెలీనా పందులు రోడ్డు మీదికొస్తాయి, నిదానంగా నడుపు.